12 క్లయింట్ సైట్లకు ఒకే కోడ్‌బేస్ పెట్టవచ్చా?

వెబ్‌కూలీ: మాది చిన్న సంస్థ. కళాశాలలు, ఆసుపత్రులు, ఒక నగల దుకాణం కలిపి 12 సైట్లు చూస్తున్నాం. అన్నీ డ్రూపల్ (సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) మీదే, ఒకదాన్ని కాపీ చేసి ఇంకొకటి కట్టినవే. ఒకచోట తప్పు దిద్దితే మిగతా చోట్లన్నీ తిరగాలి. మల్టీసైట్ (ఒకే కోడ్ ఫోల్డర్‌తో చాలా సైట్లు నడిపే పద్ధతి) పెట్టి అన్నింటినీ ఒకే కోడ్ మీదికి తేవాలని మా భాగస్వామి పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

పాతసర్వర్: ఆయన మాటే సరి. 2014 అక్టోబర్ 15న డ్రూపల్ 7లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (బయటివాళ్లు డేటాబేస్‌కు తమ ఆదేశాలు చొప్పించగల సందు) బయటపడింది. ప్రకటన వచ్చేసరికి మనకు రాత్రి 9:30. దిద్దాల్సింది డేటాబేస్ ఫైలులో ఒక్క లైను. 7 గంటల్లోపు, అంటే తెల్లవారుజామున 4:30లోపు దాన్ని మార్చని ప్రతి సైటూ దొంగల చేతికి చిక్కిందనే అనుకోండని రెండు వారాల తర్వాత డ్రూపల్ భద్రతా బృందమే చెప్పింది. ఆ వేళప్పుడు 12 సైట్లు ఎవరు దిద్దుతారు? ఒకే కోడ్ అయితే ఒక్క ఫైలుతో పోయేది.

నిదానం: సరే, కానీ వచ్చే ముప్పు కూడా అందరికీ ఒకేసారి వస్తుంది కదండీ. మల్టీసైట్‌లో ఫైళ్లు ఒకటే అయినా డేటాబేస్‌లు మామూలుగా వేరు. మాడ్యూల్ (సైటుకు అదనపు పని నేర్పే కోడ్ ముక్క) కొత్త వెర్షన్ పెట్టాక ప్రతి డేటాబేస్‌కూ అప్‌డేట్ విడిగా నడపాలి. ఒక్కటి మరిచామా, కోడ్ కొత్తది, టేబుళ్లు పాతవి. సరిగ్గా అడ్మిషన్ల వేళ కళాశాల సైటు తెల్లముఖం వేస్తుంది. పైగా పీహెచ్‌పీ (డ్రూపల్ రాసిన భాష) అన్నింటికీ ఒకే యూజర్ కింద నడిస్తే, ఒక సైటులో చొరబడినవాడు పక్క సైట్ల సెట్టింగ్స్ ఫైళ్లు తెరిచి పాస్‌వర్డ్‌లు చదువుకోవచ్చు.

అసలు తలనొప్పి నగల దుకాణంతో. తరుగు, మజూరీ లెక్క తమకు వేరేగా కావాలంటారు. ఉమ్మడి కోడ్‌లో 'ఈ క్లయింటు అయితే ఇలా' అని ఒక షరతు చేరుతుంది. రేపు ఆసుపత్రికి ఇంకొకటి.

పాతసర్వర్: ఆ తప్పు రాసినవాళ్లది. తరుగు లెక్కను ఆ దుకాణానికే ఒక మాడ్యూల్‌గా రాస్తే ఈ గొడవే లేదు.

కంపోజర్‌ప్రియ: ఇద్దరూ ఫోల్డర్ దగ్గరే ఆగిపోయారు. పంచుకోవాల్సింది ఫోల్డర్ కాదు, వెర్షన్ నంబరున్న ప్యాకేజీ. ఉమ్మడి మాడ్యూళ్లను ప్రైవేటు ప్యాకేజీలుగా చేసి, కంపోజర్ అనే ప్యాకేజీలు తెచ్చిపెట్టే సాధనంతో తెప్పించుకోండి. ఏ సైటు ఏ వెర్షన్‌లో ఉందో దాని లాక్ ఫైలే చెబుతుంది. కళాశాలను పరీక్షలయ్యేదాకా పాత వెర్షన్‌లో ఉంచవచ్చు.

పాతసర్వర్: అంటే మళ్లీ 12 లాక్ ఫైళ్లు!

కంపోజర్‌ప్రియ: ఔను, వాటిని మార్చడానికి స్క్రిప్టు ఉంటుంది. అది రాసే ఓపిక లేకపోతే మల్టీసైట్ కూడా మీకు నిలవదు.

నిదానం: వెబ్‌కూలీ గారూ, కాంట్రాక్టులో కోడ్ ఎవరిదని రాసుకున్నారు? డ్రూపల్‌కూ దాని మీద రాసిన మాడ్యూళ్లకూ జీపీఎల్ లైసెన్సు, అంటే కోడ్ అందుకున్నవారు దాన్ని ఇతరులకూ పంచవచ్చు. మాడ్యూల్ క్లయింటు చేతికి ఇచ్చారంటే, వారు దాన్ని మీ పోటీదారుకు ఇచ్చినా ఆపలేరు.

వెబ్‌కూలీ: ఆ కాగితాలు ఇప్పుడే తీయిస్తున్నాను. ముందు రెండు కళాశాలలను ప్యాకేజీల పద్ధతిలోకి మారుస్తాం. నగల దుకాణం జోలికి ఇప్పట్లో వెళ్లం. భాగస్వామి మాత్రం ఇంకా మల్టీసైటే అంటున్నారు.