తాజ్ మహల్ సీల్డ్ బాక్స్ అమ్మాలా, ఉంచాలా? పాత లెగో మూటలు కొనేవాళ్లు కూడా చెప్పండి

విశాఖ_స్టడ్స్
అందరికీ నమస్కారం. నా దగ్గర లెగో 10256 నంబరు తాజ్ మహల్ సెట్ సీల్డ్‌గా ఉంది. అక్క అమెరికా నుంచి వస్తూ రెండు తెచ్చింది. ఒకటి కట్టి హాల్లో పెట్టాను, రెండోది అమ్మే ఆలోచనలో ఉన్నా. మూడు సంగతులు కావాలి. ఇప్పుడు అమ్మితే మేలా, ఇంకొన్నేళ్లు ఆగాలా? మాది బీచ్‌కి దగ్గర, అట్టపెట్టెకు బూజు పట్టకుండా మీరేం చేస్తున్నారు? ఇంకోటి, ఒకాయన దగ్గర పాత ముక్కల మూట ఉంది, కిలోల లెక్కన ఇస్తానంటున్నాడు. అందులోంచి లెగో సిటీ సెట్లు కొన్ని పూర్తి చేసి అమ్ముదామని ఉంది. తగ్గిన చోట చైనా ముక్కలు వేస్తే పర్వాలేదా? గట్టిగానే పడుతున్నాయి.

సీల్డ్_శీను
తమ్ముడూ, ఇప్పుడు అమ్మకు. నేను న్యూజెర్సీలో ఉంటా, బేస్‌మెంట్ మొత్తం ఇవే. పక్కపక్కన చేర్చి వీధిలా పెట్టే మాడ్యులర్ బిల్డింగులు 2007 కఫే కార్నర్ నుంచి వరసగా సీల్డ్‌లో ఉన్నాయి, గ్రీన్ గ్రోసర్ కూడా. రిటైర్ అయిన, అంటే కంపెనీ తయారీ ఆపేసిన సెట్ ఓపిక ఉన్నవాడికి డబ్బు పెడుతుంది. ఇది నా మాట కాదు, మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్లు 1987 నుంచి 2015 దాకా సెట్ల ధరలు చూసి ఏడాదికి సగటున 11 శాతం పెరిగాయని తేల్చారు. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇస్తుంది అంత?

పాత_బూడిద
శీను గారూ, అడిగింది తాజ్ గురించి. తాజ్ గురించే నేను చెబుతా, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ అది. మొదటి తాజ్ 10189, 2008లో వచ్చింది, 5,922 ముక్కలు, 300 డాలర్లు. ఆగిపోయాక సెకండ్ హ్యాండ్ మార్కెట్లో వేల డాలర్లకు వెళ్లింది. 2017 నవంబరులో కంపెనీ అదే డిజైన్‌ని 10256 అని కొత్త నంబరు వేసి 370 డాలర్లకు మళ్లీ వదిలింది. నా దగ్గరున్న పాత బాక్స్ ధర కొద్ది వారాల్లోనే కుప్పకూలింది. ఒకసారి మళ్లీ తీసినవాళ్లు ఇంకోసారి తీయరని గ్యారంటీ ఏంటి? స్టార్ వార్స్ ఓడ మిలీనియం ఫాల్కన్‌దీ అదే కథ. 2007 నాటి 10179 మీద ఆశలు పెట్టుకున్నవాళ్లకి 2017లో 7,541 ముక్కల 75192 వచ్చి పడింది.

ఆ మాస్కో పేపర్‌లోనే ఇంకో మాట ఉంది. సెట్‌ను బట్టి రాబడి ఏడాదికి మైనస్ 50 శాతం నుంచి 600 శాతం దాకా ఉందని. సగటు ఒక్కటే చెప్పి కొత్తవాళ్లని దింపకండి.

సీల్డ్_శీను
పూర్తిగా చదివాను సార్. చిన్న సెట్లు, బాగా పెద్ద సెట్లు మధ్య సైజువాటికంటే వేగంగా పెరిగాయని కూడా అందులోనే ఉంది. తాజ్ బాగా పెద్దది. మీరు ఒక సెట్‌లో నష్టపోతే అది మార్కెట్ తప్పా?

ముక్కలగంప
అందరూ ధరల మీద పడ్డారు. నాకు ఆ చివరి లైను చదివాక కళ్లు తిరిగాయి. విశాఖ గారూ, చైనా ముక్కలు కలిపి లెగో సెట్ అని అమ్ముతారా? నేను లెగో ముక్కల ఆన్‌లైన్ సంత బ్రిక్‌లింక్‌లో విడి ముక్కలు అమ్ముతాను. సెట్ విప్పి, రంగు రంగుగా వేరు చేసి, ఒక్కో ముక్క స్టడ్ మీద, అంటే పైనున్న గుండ్రటి బొడిపె మీద, లెగో పేరు ఉందో లేదో లైటు కింద చూస్తాను. నా కస్టమర్ ఒకాయన వేరే చోట కొన్న సెట్‌లో పావు వంతు నకిలీ తేలాయి, అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. అలాంటి అమ్మకాల వల్లే ఇండియా నుంచి అంటే కొనేవాళ్లు అనుమానంగా చూస్తున్నారు.

విశాఖ_స్టడ్స్
నేను దాచి అమ్ముతానని ఎక్కడన్నాను? రాసే అమ్ముతా.

బెజవాడ_బిల్డర్
ముక్కలగంప గారూ, అంత ఆవేశం అక్కర్లేదు. మీరు పూజిస్తున్న కంపెనీ మాత్రం మొదట్లో ఏం చేసింది? ఇంగ్లండ్‌లో కిడ్డీక్రాఫ్ట్ అని ఉండేది, హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయనది. ఒకదానిలో ఒకటి కూర్చునే ప్లాస్టిక్ ఇటుకలు 1947 నాటికే ఆయన అమ్ముతున్నాడు. 1949లో లెగో తెచ్చిన ఇటుకలు వాటిని చూసి చేసినవే. పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది. 2010లో యూరప్ కోర్టు కూడా ఆ ఇటుక ఆకారం మీద ట్రేడ్‌మార్క్ చెల్లదంది. మామూలు ఉద్యోగస్తుడు 2x4 ఇటుకల కోసం అంత డబ్బు ఎందుకు పెట్టాలి?

ముక్కలగంప
సగం చరిత్ర చెప్పి వదిలేశారు. కిడ్డీక్రాఫ్ట్ ఇటుక అడుగున డొల్ల. ఎత్తుగా కడితే నిలబడదు, పక్కకు కాస్త తగిలితే ఊడిపోతుంది. ఇటుక లోపల గొట్టాలు పెట్టి, స్టడ్‌లను బిగించి పట్టుకునేలా చేసింది లెగో. ఆ పేటెంట్ తేదీ 28 జనవరి 1958. అప్పటి ఇటుక ఈరోజు కొన్న ఇటుకలో బిగుసుకుంటుంది. ఆ పట్టుకే మనం డబ్బులు ఇస్తున్నాం. కిడ్డీక్రాఫ్ట్ హక్కులు కూడా 1981లో డబ్బులిచ్చి కొనుక్కున్నారు.

కోర్టు ఆకారం గురించి చెప్పింది. డిజైనర్ నెలల తరబడి కూర్చుని చేసిన సెట్‌ను, బాక్స్ మీద బొమ్మతో సహా ఎత్తేయమని చెప్పలేదు. లెగో సెట్లను కాపీ కొట్టిన చైనా బ్రాండ్ లెపిన్ చేసింది అదే. 2019 ఏప్రిల్‌లో షాంఘై పోలీసులు వాళ్ల గోడౌన్ల మీద పడ్డారు, మరుసటి ఏడాది ముఖ్యుడికి 6 ఏళ్ల జైలు పడింది. చైనాలోనే అది నేరమని తేలితే ఇక్కడ మనం ధర్మం చెప్పుకోవడమా?

బెజవాడ_బిల్డర్
లెపిన్‌ని నేనూ సమర్థించను. సొంత డిజైన్లు చేసే చైనా కంపెనీలు బోలెడు వచ్చాయి, వాటి గురించి మాట్లాడుతున్నా. మీరు మాత్రం చైనా అన్న పేరు వినగానే దొంగ అంటారు. లెగోకి కూడా చైనాలో ఫ్యాక్టరీ ఉంది, జియాషింగ్‌లో. అది తెలుసా మీకు?

ముక్కలగంప
తెలుసు. ఆ ముక్కల్నే రోజూ చేత్తో పట్టుకుంటున్నాను. నాకు పాఠాలు చెప్పకండి.

సిరి_బ్లూమ్స్
అయ్యా, ఇద్దరూ కాస్త ఆగండి. విశాఖ గారు బూజు గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. మాది కాకినాడ, అదే తేమ. బాక్సులు అటక మీద వద్దు, పైకప్పు వేడికి టేపు జిగురు ఎండిపోయి సీలు తనంతట తనే లేస్తుంది. గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా చెక్క మీద పెట్టండి. పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి సిలికా జెల్ ప్యాకెట్లు వేసి, వానాకాలం ముందు మార్చండి. ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చొద్దు, కింద బాక్స్ మూలలు నలిగితే ధర అక్కడే పోతుంది. కలరా ఉండలు అస్సలు వద్దు, ఆ వాసన అట్టకు పడితే వదలదు.

నేను సెట్లు అమ్మను. కట్టుకుంటాను. 10280 పూలగుత్తి, 10311 ఆర్కిడ్ మా హాల్లో ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు ఇవి పిల్లల ఆటలు అన్నారు. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఆర్కిడ్ దగ్గరికి ఆవిడే తీసుకెళ్లి, నీళ్లు పోయక్కర్లేని పువ్వు మా కోడలు కట్టిందని చూపిస్తారు. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్ల మీద కొండపల్లి దశావతారాలు, కింద ఆవాలు మొలకెత్తించిన పార్కు. ఆ పార్కులో ఈసారి నేను కట్టిన చిన్న రైల్వే స్టేషన్, మినీఫిగ్‌లనే చిట్టి మనుషుల బొమ్మలు పెట్టాం. వీధిలో పిల్లలంతా అక్కడే.

గోల్కొండ_గురు
మేడమ్, కొలువులో ప్లాస్టిక్ ఎందుకండీ? తెల్ల పొణికి చెక్కతో చెక్కే కొండపల్లి వాళ్లు, లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వాళ్లు బతకాలంటే మనమే కొనాలి. డెన్మార్క్ కంపెనీకి మన డబ్బు అవసరం లేదు.

సిరి_బ్లూమ్స్
దశావతారాలు కొండపల్లి వెళ్లి, చేసినవాళ్ల ఇంటి దగ్గరే కొన్నానండి. ఏటికొప్పాక బొంగరాలూ ఉన్నాయి. కొలువులో పార్కులు, ఊళ్లు, రైళ్లు పెట్టడం మా అమ్మమ్మల నాటి నుంచీ ఉంది. ఒకటి కొంటే ఇంకోటి కొననట్టు కాదు.

కూకట్‌పల్లి_కిట్స్
ఈ థ్రెడ్‌లో కస్టమ్స్ గురించి ఒక్కళ్లూ మాట్లాడరేం! విశాఖ అన్న బాక్స్‌కి అక్క ఉంది కాబట్టి సరిపోయింది. బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. పైగా 2021 జనవరి నుంచి ఇక్కడ అమ్మే బొమ్మకి ఐఎస్ఐ మార్కు ఉండాల్సిందే. నేను తెప్పించిన పార్శిల్ పోర్టులో వారాల తరబడి ఆగింది, చివరికి బాక్స్ తడిసి వచ్చింది, ఎవరిని అడిగినా మా బాధ్యత కాదన్నారు. ఇండియాలో రీసేల్ అంటే ముందు ఈ లెక్క వేసుకోండి. అమెరికా ధర చూసి ఇక్కడ అమ్మకం ధర ఊహించుకుంటే కుదరదు.

సీల్డ్_శీను
అందుకే ఇండియాలో సీల్డ్ బాక్స్‌కి విలువ ఎక్కువ. నా మాటే మీరు చెబుతున్నారు.

కూకట్‌పల్లి_కిట్స్
విలువ ఎక్కువే, కొనేవాడు ఏడీ? నేను పెట్టిన మాడ్యులర్‌కి అడిగేవాళ్లంతా సగం ధరకి ఇస్తావా బ్రో అంటారు. మీ బేస్‌మెంట్‌కి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

పాత_బూడిద
మూట గురించి విశాఖ గారికి నేను చెబుతా, ఇందులో నాకు అనుభవం ఉంది. ముందు బూడిద రంగు ముక్కల్ని పగటి వెలుగులో చూడండి. 2004 ప్రాంతంలో కంపెనీ బూడిద రంగులు మార్చింది. పాతవి కాస్త పసుపు కలిసినట్టు వెచ్చగా ఉంటాయి, కొత్తవి నీలం వైపు ఉంటాయి. గోధుమ రంగు కూడా అప్పుడే మారింది. పాత కోట సెట్‌లో కొత్త బూడిద ముక్క ఒక్కటి పడినా దూరం నుంచే కనిపిస్తుంది. ఆ మార్పు చేయకుండా ఉండాల్సింది, ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత ఎర్ర గోధుమ ముక్కలు. ఓ కాలంలో వచ్చినవి పెళుసు. విప్పేటప్పుడు చిన్న ప్లేట్లు (పలచటి ముక్కలు), క్లిప్పులు చేతిలోనే విరుగుతాయి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి నెమ్మదిగా తీయండి. 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. 9 వోల్ట్ మోటార్లు ఉంటే వైర్లు చూడండి, పాతవాటి తొడుగు పొడిపొడిగా రాలిపోతుంది. అలాంటివి మూట ధరలోంచి తీసేసి లెక్కకట్టండి.

మదనపల్లె_మినీ
తెల్లవి పసుపు రంగుకు తిరిగితే మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి, గాజు గిన్నెలో ముంచి ఎండలో పెట్టండి. ముక్కలు పైకి తేలతాయి, వాటి మీద ఏదైనా బరువు పెట్టాలి. మన ఎండకు పని తొందరగా అవుతుంది. ప్రింట్, స్టిక్కర్ ఉన్నవి మాత్రం ముంచకండి. నా పాత స్పేస్ సెట్ ఇలాగే మళ్లీ తెల్లబడింది.

ముక్కలగంప
పెరాక్సైడ్ పెట్టినవి కొన్నాళ్లకి మళ్లీ పసుపు తిరుగుతాయి. అమ్మేటప్పుడు ఆ సంగతీ చెప్పాలి. పెరాక్సైడ్ వేశామని రాయండి, నకిలీ ముక్క ఉంటే ఎన్ని, ఏ సంచిలో ఉన్నాయో రాయండి. నా షరతు అదొక్కటే. బెజవాడ గారూ, దీనికి మీకేమైనా అభ్యంతరమా?

బెజవాడ_బిల్డర్
చెప్పి అమ్మాలన్నదానికి నేను మొదటి నుంచీ ఒప్పుకుంటూనే ఉన్నా. చైనా ముక్క వాడేవాళ్లందరినీ దొంగల్లో కలిపారు, నా బాధ అది. నేను కడుతున్న చార్మినార్‌కి అన్నీ అసలు ముక్కలే కావాలంటే నా జీతం చాలదు.

గోల్కొండ_గురు
చార్మినారా? ఏ స్కేల్? ఫోటో పెట్టండి.

బెజవాడ_బిల్డర్
1:40 అనుకున్నా. కట్టడం ఒక్కో పక్క 20 మీటర్లు, అంటే 50 సెంటీమీటర్లు. స్టడ్ 8 మిల్లీమీటర్లు కాబట్టి 62 స్టడ్‌లు వస్తోంది. చిక్కంతా కమాను దగ్గరే. 11 మీటర్ల వెడల్పంటే 34 స్టడ్‌లు, అంత పెద్ద ఆర్చ్ ముక్క నాకెక్కడా దొరకలేదు. తలకిందుల స్లోపులు (వాలు ముక్కలు) మెట్లలా పేర్చాను, కొస దగ్గర మొనతేలడం లేదు.

పాత_బూడిద
స్లోపులతో ఆ వంపు రాదు. పక్కకు తిప్పి కట్టండి. ప్లేట్ ఎత్తు 3.2 మిల్లీమీటర్లు, ఐదు ప్లేట్లు పేరిస్తే 16, సరిగ్గా రెండు స్టడ్‌ల వెడల్పు. కమాను రెండు సగాలను పడుకోబెట్టి విడిగా కట్టి, వంపు స్లోపులతో అంచు దిద్ది, లోపలి గోడకు పక్క స్టడ్‌లున్న ఇటుకలతో తగిలించండి. కొస దగ్గర రెండు సగాలు ఒకదానికొకటి ఆనితే చాలు, బరువు వెనక గోడ మోస్తుంది.

సీల్డ్_శీను
గోడలకి లేత ఇసుక రంగు ముక్కలు కావాలి కదా. నా దగ్గర అలాంటి రెండు కిలోలు విడిగా ఉన్నాయి, అసలైనవే. మార్చిలో హైదరాబాద్ వస్తున్నా. డబ్బు వద్దు, తీసుకో.

విశాఖ_స్టడ్స్
సిరి గారూ, బూడిద గారూ, చాలా థ్యాంక్స్. మూట తీసుకుంటున్నా, నకిలీ ముక్కలు వేరు సంచిలో పెట్టి రాసే అమ్ముతా. తాజ్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. శీను అన్నా, మార్చిలో వస్తే బాక్స్ చూసి మీరే కొంటారా?

సీల్డ్_శీను
మూలలు నాలుగూ దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టు. సీలు టేపు కూడా కనపడాలి.