జిర్కోనియా పన్ను విరగదు అన్నారు, మరి ఇదేంటి?

గోదారిగట్టు:
రెండేళ్ల కిందట మా నాన్నగారికి దవడ పన్నుకి జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి పదార్థం) క్యాప్ వేయించాం. "ఇనుము లాంటిది, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు" అన్నారు వేసినవాళ్లు. మొన్న ఇడ్లీ తింటుంటే రెండు ముక్కలైంది. జిర్కోనియా గొప్పదనేవాళ్లు జవాబు చెప్పండి.

ఫర్నేస్‌మనిషి:
పన్నెండేళ్లుగా డెంటల్ ల్యాబ్‌లో ఉన్నాను. ఇడ్లీకి జిర్కోనియా విరగదండి. వంచితే తట్టుకునే బలం 900 నుంచి 1200 మెగాపాస్కల్స్ (బలానికి కొలత). ఇంకేదో కొరికి ఉంటారు.

గోదారిగట్టు:
అంటే మా నాన్నగారు అబద్ధం చెప్తున్నారా?

పింగాణీపిచ్చి:
అల్యూమినానే (ఇంకో రకం పింగాణీ పదార్థం) మేలు. స్పార్క్ ప్లగ్గుల్లో ఉండేది అదే.

మెటీరియల్స్‌రీసెర్చ్:
ప్లగ్గుకి కరెంటు ఆపాలి, వేడి తట్టుకోవాలి. పన్నుకి పగులు ఆగాలి. ఈ రెండూ వేరు. శుద్ధ జిర్కోనియాని బాగా కాల్చి చల్లారిస్తే దాదాపు 1170 డిగ్రీల దిగువన స్ఫటికం రూపం మారి 4-5 శాతం ఉబ్బుతుంది, తనంతట తానే పగిలిపోతుంది. అందుకే 3 శాతం (మోల్, అంటే అణువుల సంఖ్య లెక్కన) ఇట్రియా అనే ఇంకో ఆక్సైడ్ కలిపి, చల్లారాక కూడా ఆ వేడిలోని పాత రూపాన్నే నిలబెడతారు. పగులు మొన అక్కడికి చేరగానే ఆ రేణువులు అప్పుడు ఉబ్బి, పగులును నొక్కి మూసేస్తాయి. 1975లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని ‘సిరామిక్ ఉక్కు’ (పింగాణీ జాతి ఉక్కు) అని పోల్చింది అందుకే. కానీ 1200 అన్నది పరీక్ష కోసం నున్నగా పాలిష్ చేసిన కడ్డీ లెక్క. నోట్లో అమర్చేటప్పుడు ఎత్తు తగ్గించడానికి అరగదీసి, పాలిష్ చేయకుండా వదిలేస్తే ఆ గీతల్లోంచే పగులు మొదలవుతుంది. కాల్చడం తేడా వచ్చినా అంతే. 2001లో తుంటి కీళ్లలో వాడే జిర్కోనియా బంతులు కొన్ని బ్యాచ్‌లు పగిలిపోయి వెనక్కి తీసుకున్నారు. ఫర్నేసు పద్ధతి మార్చడమే కారణం.

ఫర్నేస్‌మనిషి:
తిరిగి తిరిగి ఫర్నేసు మీదకే వచ్చారా! 1500 డిగ్రీలలో కాలితే క్యాప్ ఐదో వంతు కుంచించుకుపోతుంది. అది లెక్కేసి పెద్దగా కోసి, రాత్రంతా కాపలా కాసేది మేము. నోట్లో ఎవరు ఎలా అరగదీశారో మాకెలా తెలుస్తుంది? ఏది విరిగినా ల్యాబ్‌దే తప్పు. రెండుసార్లు నా జీతంలో కోశారు.

గోదారిగట్టు:
మీ బాధ మీది. మా డబ్బు, మా నాన్నగారి నొప్పి ఎవరు భరిస్తారు?

మధ్యలోమనిషి:
అరవకండయ్యా.

ఫర్నేస్‌మనిషి:
ఒక్కమాట చెప్పండి. ఆ క్యాప్ పక్క పళ్లలో కలిసిపోయేలా కాస్త పారదర్శకంగా ఉండేదా, సున్నంలా తెల్లగానా?

గోదారిగట్టు:
కలిసిపోయేలా. మేమే అడిగాం, నవ్వితే కనిపిస్తుందని.

ఫర్నేస్‌మనిషి:
అయితే అది 5 శాతం ఇట్రియా రకం అయి ఉంటుంది. వెలుతురు బాగా వెళ్తుంది, బలం దాదాపు సగానికి పడిపోతుంది. దవడ పన్నుకి నేనైతే ఇవ్వను. ఇడ్లీ విషయంలో మీ నాన్నగారిని అనుమానించాను, క్షమించండి.

మెటీరియల్స్‌రీసెర్చ్:
ఆ రకంలో సగం దాకా క్యూబిక్ అనే వేరే స్ఫటిక రూపం ఉంటుంది. అది ఉబ్బదు, పగులును ఆపదు. నేను పైన చెప్పింది దీనికి పెద్దగా వర్తించదు. నేనూ మొదటే అడగాల్సింది.

గోదారిగట్టు:
రెండు రకాలున్నాయని ఆ రోజు చెప్పి ఉంటే మేం అందం అడిగేవాళ్లమే కాదు. గ్యారంటీ కార్డు ఇప్పుడే తీసి చూశాను. జిర్కోనియా అని ఒక్క మాటే ఉంది.