గుడ్డు ముట్టని అమ్మతో క్వీన్ మేరీ 2లో మధ్యాహ్నపు టీ

ప్రశ్న: కొవ్వూరు ఆడపడుచు, లండన్

అమ్మ, నాన్నగారు వేసవికి మా దగ్గరికి వచ్చారు. ఇక్కడి నుంచి న్యూజెర్సీలోని తమ్ముడి ఇంటికి వెళ్ళాలి. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన నాన్నగారికి ఒక్కసారైనా మహాసముద్రం దాటాలని ఎప్పటి నుంచో కోరిక ఉండడంతో, విమానం మానేసి సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రుల ప్రయాణానికి క్వీన్ మేరీ 2లో ముగ్గురికీ టికెట్లు తీసుకున్నాను.

ఆ ఓడలో రోజూ మధ్యాహ్నం క్వీన్స్ రూమ్ అనే పెద్ద హాలులో సంప్రదాయబద్ధంగా టీ ఇస్తారని విన్నాను. నాన్నగారికి టీ అంటే ప్రాణం, కానీ పాలు పోసి బాగా మరిగించినది కావాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అందరూ తింటుంటే ఆవిడ ఖాళీ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చోవడం నేను చూడలేను. ఆమె తినదగినవి అక్కడ ఏముంటాయి? చీర కట్టుకుని వెళ్ళవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: అట్లాంటిక్ బాటసారి

మా అత్తగారిని తీసుకుని అదే దారిలో వెళ్ళాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, తప్పక వెళ్ళండి. టీకి వేరే రుసుము లేదు, అది టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది. మూడున్నరకు మొదలవుతుంది. నేను మొదటి రోజు నాలుగింటికి వెళ్ళి చోటు కోసం వెతుక్కున్నాను. రెండో రోజు నుంచి పదిహేను నిమిషాలు ముందే వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాం. తెల్లని చేతితొడుగులు వేసుకున్న పరిచారకులు వరుసగా వచ్చి ముందు టీ పోస్తారు, తరువాత సాండ్‌విచ్‌లు, స్కోన్లు, చిన్న కేకులు పళ్ళాలలో తెచ్చి చూపిస్తారు. మనకు కావలసింది చూపితే చాలు, వాళ్ళే వడ్డిస్తారు. ఒక పక్క మెల్లగా సంగీతం వినిపిస్తూ ఉంటుంది. చీరకు ఏ ఇబ్బందీ లేదు. దుస్తుల నియమాలు గట్టిగా పాటించేది సాయంత్రం ఆరు దాటిన తరువాతనే.

టీ విషయంలో నాన్నగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. అక్కడ ఆకును వేడినీటిలో నానబెడతారు గానీ పాలతో కలిపి మరిగించరు, పాలు విడిగా ఇస్తారు. అస్సాం టీ అడిగి, నాలుగైదు నిమిషాలు నాననిచ్చి, ఆ తరువాత పాలు పోసుకుంటే మన రుచికి కొంత దగ్గరగా వస్తుంది. ఎర్ల్ గ్రేలో బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తైలం వాసన ఉంటుంది, అది పాలతో మనవాళ్ళకు నచ్చడం కష్టం. కేబిన్‌లో కెటిల్ ఉంటుంది కాబట్టి అల్లం, యాలకుల పొడి వెంట ఉంటే పొద్దుటి టీకి పనికొస్తుంది.

ఇంకొక సంగతి. న్యూయార్క్ వైపు వెళ్ళేటప్పుడు దారిలో ఐదు రాత్రులు గడియారం గంట చొప్పున వెనక్కి తిప్పుతారు, అంటే ఆ రోజులకు ఇరవై ఐదు గంటలు. ఓడ గడియారం రెండున్నర చూపేసరికే పెద్దవాళ్ళకు టీ వేళయినట్టు అనిపిస్తుంది. మా అత్తగారికి రోజూ అలాగే జరిగేది. అందుకని మధ్యాహ్న భోజనం కొంచెం ఆలస్యంగా, తేలికగా పెట్టించండి.

జవాబు: విశాఖ బేకరీ మాస్టారు

నేను పదకొండేళ్ళు వేరే సంస్థల ఓడలలో, మేము గ్యాలీ అనే వంటగదిలో బేకరీ పని చేశాను. అమ్మగారి విషయంలో ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. ఇంగ్లీషువారు శాకాహారం అన్నప్పుడు అందులో గుడ్డు కూడా ఉంటుంది. కాబట్టి శాకాహారి అని మాత్రమే చెబితే గుడ్డు సాండ్‌విచ్ తెచ్చి పెడతారు, వారి దృష్టిలో అది తప్పు కాదు. గుడ్డు వద్దని, జెలటిన్ వద్దని విడివిడిగా రాయించండి. జెలటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి వస్తుంది. మూస్ వంటి మెత్తని తీపి పదార్థాలు చూడడానికి పాలతో చేసినట్టే ఉన్నా, గడ్డకట్టడానికి అది వేసి ఉండవచ్చు.

స్కోను అంటే మైదా, వెన్న, పాలు, కొంచెం చక్కెర కలిపి ఓవెన్‌లో కాల్చే చిన్న రొట్టె. పిండిలో గుడ్డు లేకపోయినా, పైన నిగనిగలాడడానికి గుడ్డు సొన పూసే అలవాటు చాలా వంటగదులలో ఉంది. దాని బదులు పాలు పూసినా బాగానే కాలుతుంది. కానీ ఆ మాట పిండి కలిపే ముందే మాకు తెలియాలి. మూడున్నరకు వందల మందికి వడ్డన మొదలయ్యాక అడిగితే, పరిచారకుడు ఎంత మంచివాడైనా ఏమీ చేయలేడు. ప్రయాణానికి కొన్ని వారాల ముందే సంస్థకు రాయండి, ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే భోజనశాల పెద్దను కలిసి మళ్ళీ గుర్తుచేయండి. కీరదోస సాండ్‌విచ్ సాధారణంగా అమ్మగారికి సరిపోతుంది, అయినా లోపల ఏమి పూశారో అడగండి.

స్కోనుతో ఇచ్చే క్లాటెడ్ క్రీమ్ గురించి ఆవిడకు సందేహం అక్కరలేదు. మీగడను సన్నని వేడి మీద చాలాసేపు ఉంచి, చల్లార్చి, పైన కట్టిన మందపాటి పొరను తీస్తారు. అందులో కనీసం 55 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి నాన్నగారికి మాత్రం ఒక చెంచాతో ఆపండి.

జవాబు: తేయాకు మిత్రుడు

పై ఇద్దరూ చెప్పినదానికి చిన్న చేర్పు. మన హోటళ్ళలో దీన్ని హై టీ అంటున్నారు గానీ, ఇంగ్లండులో ఆ పేరు పని నుంచి ఇంటికి వచ్చిన కార్మికులు సాయంత్రం తినే భోజనానిది. ఇది ఆఫ్టర్‌నూన్ టీ. రాత్రి భోజనం బాగా ఆలస్యమయ్యే ఆ రోజులలో మధ్యలో ఆకలికి ఆగలేక, 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా దీన్ని అలవాటు చేసిందని చెబుతారు. స్కోను మీద ముందు క్రీమ్ రాయడం ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు పద్ధతి, ముందు జామ్ రాయడం దాని పక్కనున్న కార్న్‌వాల్ పద్ధతి. అమ్మగారు ఎలా తిన్నా ఎవరూ తప్పుపట్టరు, ఆ విషయంలో సంకోచపడనివ్వకండి.

కొవ్వూరు ఆడపడుచు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మాస్టారు గారూ, శాకాహారం అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను, మీరు చెప్పకపోతే అలాగే ఓడ ఎక్కేవాళ్ళం. గుడ్డు వద్దు, జెలటిన్ వద్దు, స్కోను పైన పాలు పూస్తే చాలు అని ఇప్పుడే సంస్థకు మళ్ళీ రాశాను. అమ్మకు స్కోను అంటే ఏమిటో చదివి వినిపిస్తే, మీగడ ఎలా తీస్తారో ఇంకొకసారి చదవమంది.