అప్‌డేట్: న్యూ ఆర్లీన్స్ మార్డీ గ్రా – గది ఎక్కడ, పరేడ్ ఎక్కడ?

మార్డీ గ్రా అంటే అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఊరేగింపులతో (పరేడ్లతో) జరిగే కార్నివాల్ పండగ. దానికి వెళ్లి, ఊళ్లోని పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో గది తీసుకుంటే కిటికీలోంచే పరేడ్లు చూడొచ్చా అని అడిగాను కదా. కుదరదు. ఆ ఇరుకు వీధుల్లోకి పెద్ద శకటాలు 1973 నుంచి రావడం లేదు; చాలావరకు సెయింట్ చార్లెస్ అవెన్యూ మీదుగా కెనాల్ స్ట్రీట్‌కి వెళ్తాయి. అసలు చిక్కు ఏంటంటే, పరేడ్ సాగేంతసేపూ ఆ దారిలో స్ట్రీట్‌కార్ (ట్రామ్) నడవదు, రోడ్డు దాటడమూ కష్టమే. అందుకే గది, నిలబడే చోటు రెండూ రోడ్డుకి ఒకే పక్కన ఉండాలి. పిల్లలు ఎక్కి చూడ్డానికి నిచ్చెన వేస్తే రోడ్డు అంచుకి 6 అడుగులు వెనక్కి. శకటాల మీంచి పూసల దండలు విసురుతారు గానీ, జూలూ అనే పరేడ్ బృందం వాళ్ల కొబ్బరికాయ మాత్రం చేతికే ఇస్తారు, గుళ్లో ప్రసాదంలాగా! పాటలు వినడానికి బోర్బన్ స్ట్రీట్ కన్నా ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ నయం. 2027లో పండగ ఫిబ్రవరి 9, మంగళవారం. ముందు గురువారానికల్లా దిగిపోవాలి.