పాత రాక్ బ్యాండు, ఏప్రిల్ ఎండ, ఆరుబయట కచేరీ: పూర్తి ధర పెట్టి వెళ్ళాలా?

నెల్లూరు_స్ట్రింగ్స్:
పాత రాక్ బ్యాండు ఏదైనా బెంగళూరు వస్తుందంటే చాలు, ఇక్కడి తెలుగువాళ్ళం రెండు జట్లుగా చీలిపోతాం. అందుకే ఈ ఏప్రిల్‌లో రాబోయే బ్యాండు గురించి సూటిగా అడుగుతున్నాను. మొదలుపెట్టినవాళ్ళలో ఒకరో ఇద్దరో మిగిలారు, గాయకుడికి డెబ్బై దాటాయి, టికెట్టేమో వేలల్లో, కచేరీ నీడలేని మైదానంలో. పేరొక్కటే పాతదిగా మిగిలిన బ్యాండుకి అంత పెట్టడం సబబేనా? కాదనే నా అభిప్రాయం. వేదిక మీద ఎవరుంటారు, వినిపించే గొంతులో ఎంత అక్కడికక్కడ పాడేది, ఎంత ముందే రికార్డు చేసింది అన్నది టికెట్లు అమ్మేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే మోసమే.

బన్నేరుఘట్ట_బాబాయ్:
అబ్బాయ్, ఈ మాట కొత్తది కాదు. 2003 ఏప్రిల్ 4న రోలింగ్ స్టోన్స్ బ్యాండు మన దేశంలో తమ మొదటి కచేరీ ఇచ్చింది ఇక్కడే, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. అప్పటికి వాళ్ళ గాయకుడు మిక్ జాగర్‌కి 59 ఏళ్ళు. "ముసలాళ్ళయిపోయారు, ఇప్పుడెందుకు వెళ్ళడం" అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 2021లో వాళ్ళ డ్రమ్మర్ చార్లీ వాట్స్ చనిపోయాడు. అయినా ఆ కుర్చీలో స్టీవ్ జోర్డాన్‌ని కూర్చోబెట్టుకుని ఆ తర్వాత కూడా టూర్లు చేశారు. మన సురభి నాటకాలు 1885లో మొదలయ్యాయి. అప్పటి మనుషులు ఇప్పుడు లేరు కదా! అయినా మాయాబజార్ వేస్తే సురభివాళ్ళు వేశారనే అంటాం. పాట పట్టుకుని నిలబడేవాళ్ళుంటే బ్యాండు ఉన్నట్టే.

నెల్లూరు_స్ట్రింగ్స్:
బాబాయ్ గారూ, సురభి మాట నాకు ఇష్టమే. కానీ అక్కడ ఒక తరం ఇంకో తరానికి నేర్పి అప్పగించింది, చూసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఇక్కడ పోస్టర్ మీద 1970ల నాటి ఫొటో వేసి, వేదిక మీదికి వేరే మనుషుల్ని పంపిస్తారు. నా అభ్యంతరం ఆ ఫొటో మీదే.

విజయ_హెచ్ఎస్ఆర్:
చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, గొంతు గురించి నా మాట కూడా వినండి. వయసు పెరిగేకొద్దీ విద్వాంసులు శ్రుతి తగ్గించి పాడడం మనకి మామూలే. ఎవరూ తప్పు పట్టరు. పైస్థాయిలో ఒక్క స్వరం తగ్గినా, రాగం మీద పట్టు ముందుకన్నా పెరిగి ఉంటుంది. రాక్ బ్యాండ్లు చేసేదీ అదే. గిటార్లను అరమెట్టు, ఒక్కోసారి ఇంకా కిందికి దించుకుంటారు. పాట కాస్త బరువుగా వినిపిస్తుంది, అంతే.

నాకు అన్నిటికంటే నచ్చింది డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిలన్ పద్ధతి. 'చైల్డ్ ఇన్ టైమ్' అనే పాటలో ఆయన గొంతు ఆకాశానికి వెళ్తుంది, దానివల్లే చాలామంది ఆయన అభిమానులయ్యారు. 2002 తర్వాత బ్యాండు ఆ పాటని వేదిక మీద పాడడం మానేసింది. పాడాల్సినట్టు పాడలేనని ఆయన దాన్ని పక్కన పెట్టాడు. జనం అడుగుతూనే ఉన్నా వెనక నుంచి పాత రికార్డు వేయించి పెదవులు కదపలేదు. గౌరవం అంటే అదీ! అలాంటివాళ్ళకి నేను పూర్తి ధర ఇస్తాను. శ్రుతి దించినా, పాట వదిలేసినా ఫరవాలేదు. గొంతు రికార్డుదైతే మాత్రం నాకు టికెట్టే వద్దు.

రాయదుర్గం_డ్రమ్స్:
అక్కా, ఇక్కడ ఒక తేడా చూడాలి. కోరస్‌కి, కీబోర్డ్ శబ్దాలకి ట్రాక్, అంటే ముందే రికార్డు చేసింది, వాడడం వేరు, ముఖ్య గొంతుకి వాడడం వేరు. మొదటిది చాలామంది చేస్తారు. స్టూడియోలో పది పొరలు వేసిన పాటని నలుగురు మనుషులు వేదిక మీద అలాగే వినిపించలేరు. రెండూ ఒకటే అంటే పని చేసుకునే సంగీతకారులకి అన్యాయం చేసినట్టవుతుంది. ముఖ్య గొంతు విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను.

ఇంకో సంగతి. 2025 జులై 5న, బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో బ్లాక్ సబ్బాత్ బ్యాండు గాయకుడు ఆజీ ఆజ్‌బోర్న్ చివరిసారి పాడాడు. పార్కిన్సన్స్ జబ్బు వల్ల నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పక్కన బ్యాండు మొదటి నలుగురిలో మిగతా ముగ్గురూ ఉన్నారు. జులై 22న చనిపోయాడు. ఆ గొంతులో లోపాలు వెతికినవాళ్ళు ఉంటారేమో నాకు తెలీదు, నాకైతే వాటి మీదికి మనసు పోలేదు.

పల్లవి_వైట్‌ఫీల్డ్:
గొంతు సంగతి సరే, మన ఒళ్ళు సంగతి ఏమిటి? నేను నర్సుని. బెంగళూరు చల్లగా ఉంటుందన్న ధీమాతోనే జనం టోపీ కూడా లేకుండా వచ్చేస్తారు. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. గేట్లు మధ్యాహ్నమే తెరుస్తారు, అసలు బ్యాండు వచ్చేది చీకటి పడ్డాకే. ముందు వరస కోసం నాలుగైదు గంటలు ఎండలో నిలబడతారు. లోపలికి నీళ్ళ సీసా రానివ్వరు. ఒక కచేరీలో గేటు దగ్గర సీసాలన్నీ తీసుకుని లోపల నీళ్ళ కౌంటర్ ఒక్కటే పెట్టారు, దాని ముందు క్యూ కదలనే లేదు. నా పక్కనున్న పెద్దాయన బీపీ మాత్ర వేసుకోవడానికి కూడా నీళ్ళు దొరక్క కూలబడిపోయారు. ఈ బ్యాండ్లకి వచ్చేవాళ్ళలో సగం మంది మన నాన్నల వయసువాళ్ళే కదా! ఉచిత నీళ్ళు, నీడ, కూర్చునే చోటు లేని కచేరీకి మూల సభ్యులందరూ వచ్చినా మా నాన్నగారిని పంపను.

చెవులు కూడా మర్చిపోకండి. 100 డెసిబెల్స్ మోతలో పావుగంటే సురక్షితమని లెక్క. రెండు గంటల కచేరీకి మెడికల్ షాపులో దొరికే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. పాట వినబడదని భయం వద్దు, మోత తగ్గినా పాట వినబడుతుంది.

బన్నేరుఘట్ట_బాబాయ్:
అమ్మా పల్లవీ, ఈ మాట ఒప్పుకుంటాను. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పదికి ఆపాలన్న నిబంధన ఉంది కాబట్టి అర్ధరాత్రి దాకా సాగదీయరు. దానికి తగ్గట్టు గేట్లు కూడా సాయంత్రం అయిదింటికి తెరిస్తే పోతుంది. ఇక్కడ ఏప్రిల్ సాయంత్రాలు ఉరుము వాన కూడా రావచ్చు, మెరుపులుంటే షో ఆపేయాల్సిందే. డబ్బు వాపసు సంగతి కూడా టికెట్ మీదే రాయమనండి.

నెల్లూరు_స్ట్రింగ్స్:
విజయ గారి మాటతో నా ప్రశ్న తేలికైంది. శ్రుతి దించడం గురించి ఇక వాదించను, కొత్త సభ్యుల గురించీ వాదించను, పేర్లు ముందే వేస్తే చాలు. ముఖ్య గొంతు ట్రాక్ అయితే డబ్బు పెట్టను. నిర్వాహకులకి మూడు ప్రశ్నలతో మెయిల్ రాస్తున్నాను: వేదిక మీద ఎవరెవరు, ముఖ్య గొంతు అక్కడికక్కడ పాడేదేనా, లోపల ఉచిత నీళ్ళు ఎక్కడెక్కడ. పల్లవి గారూ, నీడ, కూర్చునే చోటు గురించి ఎలా అడగాలో రెండు వాక్యాలు రాసిస్తారా? జవాబు రాగానే ఇక్కడే పెడతాను.

బన్నేరుఘట్ట_బాబాయ్:
జవాబు ఏం వచ్చినా నేను వెళ్తానయ్యా. కుర్చీల వరస ఉంటే నాకూ ఒక సీటు చూడు.