వరదలో తడిసిన పుస్తకాలకి మళ్లీ మళ్లీ బూజు పడుతోంది

విజయవాడలో ఆదివారాలు పుస్తకాలు మార్చుకునే చిన్న గుంపు మాది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ స్నేహితురాలి బీరువా కింది అర మునిగింది. పేజీల మధ్య న్యూస్‌పేపర్ పెట్టి ఫ్యాన్ కింద ఆరబెట్టాం. వంటసోడా గిన్నెతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగించాం. ఎండాకాలం బాగానే ఉంటాయి. ముసురు పట్టిందంటే మళ్లీ ముక్కిపోయిన వాసన, కుట్టు దగ్గర తెల్లటి బూజు. మెత్తటి బ్రష్‌తో దులిపితే పోతుంది, నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది.

అన్నీ దారంతో కుట్టిన గట్టి అట్ట పుస్తకాలు. మార్జిన్లలో ఆవిడ పెన్సిల్‌తో రచయితతో పెట్టుకున్న తగాదాలున్నాయి, మాకు సగం సరదా వాటితోనే. కొత్తవి కొనుక్కోమని మాత్రం చెప్పకండి. కలరా ఉండలు కూడా వద్దు, మాలో ఆస్తమా ఉన్నవాళ్లున్నారు.

కుట్టు విప్పకుండా, పెన్సిల్ రాత చెరగకుండా ఈ బూజు మళ్లీ రాకుండా చేయాలంటే ఏం చేయాలి?