ఆరు లక్షల సబ్‌స్క్రైబర్లున్న ట్రేడరుని నమ్మొచ్చా?

రాయగడ కుర్రాడు:
మా ఫ్రెండ్స్ మధ్య గొడవ ఇది. యూట్యూబులో తెలుగులో ఆప్షన్లు (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం లాంటి ట్రేడింగు) చెప్పే ఒకాయనకి ఆరు లక్షల సబ్‌స్క్రైబర్లు. మోసమైతే అంతమంది ఉండరు, ఎవరో ఒకరు బయటపెట్టేవారు అని నేనంటాను. మీరేమంటారు?

బరంపురం, బడాబజారు:
ఎవరు బయటపెడతారు తమ్ముడూ? డబ్బు పోయినవాడికి సిగ్గు. ఇలాంటి ఒక ఛానల్ నమ్మి మా బావమరిదికి ఆప్షన్లలో 14 నెలల్లో 3 లక్షల 40 వేలు పోయాయి. అందులో లక్ష మా అత్తగారి గొలుసు తాకట్టు పెట్టి తెచ్చింది. వడ్డీ కట్టలేదని తాకట్టు కొట్టాయన ఫోన్ చేస్తే గానీ ఇంట్లో తెలియలేదు. ఆ రోజుకీ వాడు ఆ ఛానల్ సబ్‌స్క్రైబరే. నువ్వు చెప్పే ఆరు లక్షల్లో అలాంటివాళ్లూ లెక్కకొస్తారు.

ఎందుకు నమ్మావురా అంటే, "మన భాషలో చెప్పాడు కదా బావా" అన్నాడు. నాకు కోపం రాలేదు, గుండె కలుక్కుమంది. ఇక్కడ ఒడిశాలో మనం బడిలో ఒడియా చదువుకున్నాం, తెలుగు ఇంట్లో మాట. షేర్ల గురించి ఎవరైనా తెలుగులో "భయపడకు" అంటే మేనమామ చెప్పినట్టే ఉంటుంది.

వాడు దాచుకున్న స్క్రీన్‌షాట్ చూశాను. 1,87,000 లాభం, పచ్చ రంగులో. పైన తేదీ ఉండాల్సిన చోట కత్తిరించేశారు. మా అమ్మ బరంపురం పట్టు కొనేటప్పుడు కుంభాల అంచు చూసి మురిసిపోదు, చీర తిరగేసి లోపలి దారాలు వేలితో తడిమి చూస్తుంది. ట్రేడరు దగ్గర అలా చూడాల్సింది ఏడాది మొత్తం లెక్క, అన్ని అకౌంట్లదీ, నష్టాలతో సహా.

'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో ట్రేడింగు నేర్పినాయన సంగతి తెలుసుగా? లక్షల్లో అభిమానులు. 2023 అక్టోబరులో సెబీ (షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సంస్థ) ఆర్డరు వచ్చాక బయటపడింది: కోర్సులు, సలహాల పేరుతో వసూలైన 17 కోట్లకు పైగా జమ చేయమన్నారు. 2021 జనవరి నుంచి 2023 జులై వరకు సొంత ట్రేడింగులో ఆయనకి వచ్చింది సుమారు 2.89 కోట్ల నష్టం! సంపాదన ట్రేడింగులో లేదు, చూసేవాళ్లలో ఉంది.

జయపురం:
నేను ఒప్పుకోను. స్టాప్‌లాస్ (నష్టం ఇంత దాటితే బయటపడేలా ముందే పెట్టుకునే హద్దు) అంటే ఏమిటో నాకు నేర్పింది ఆ వీడియోలే, అదీ ఉచితంగా. మా ఊళ్లో ఎవరు చెప్తారు? సలహాలివ్వడానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడి మాట వింటేనూ నాకు నష్టం వచ్చింది.

బరంపురం, బడాబజారు:
నిజమే అన్నా, రిజిస్ట్రేషన్ ఉంటే లాభం వస్తుందని నేనూ అనను. కానీ అతనికి ఒక రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా ఉంటాయి, గ్యారంటీ లాభం అని చెప్పకూడదు, తేడా వస్తే సెబీ ఫిర్యాదుల సైటు స్కోర్స్‌లో పెట్టొచ్చు. టెలిగ్రాం గ్రూపువాడు రాత్రికి రాత్రి పేరు మార్చేస్తే ఎక్కడని వెతుకుతాం?

వీడియోలు చూసి నేర్చుకోండి, కాదనను. పాఠం వేరు, టిప్పు (ఏది కొనాలో, ఎప్పుడు అమ్మాలో చెప్పడం) వేరు. 2025 జనవరిలో సెబీ ఈ గీత గీసింది కూడా: పాఠం చెప్పేవాళ్లు గత మూడు నెలల షేరు ధరలు వాడకూడదని అప్పుడు చెప్పింది. క్లాసు పేరు చెప్పి ఇవాళ్టి చార్టు మీద "ఇక్కడ కొనండి" అన్నాడంటే అది పాఠం కాదు.

ఎంత బాగా నేర్చుకున్నా ఈ ఆటలో గెలిచేది ఎందరు? 2021-22 నుంచి 2023-24 దాకా ఆప్షన్లలో, వాటి లాంటివే అయిన ఫ్యూచర్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, సగటున మనిషికి దాదాపు 2 లక్షలు పోయాయని సెబీ అధ్యయనమే చెప్పింది. అది చదివాక మా బావమరిదిని తెలివితక్కువవాడు అనడం మానేశాను.

పర్లాకిమిడి:
ఆ నంబరు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది అన్నా? మా చెల్లెలు ఇలా టిప్పులిచ్చేవాళ్లకి ఇప్పటికే 9 వేలు కట్టేసింది.

బరంపురం, బడాబజారు:
రీసెర్చ్ అనలిస్టు (షేర్లను పరిశీలించి ఏది కొనాలో చెప్పేవాడు) అయితే ఐఎన్‌హెచ్ (INH) అక్షరాలతో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు (మన డబ్బు సంగతి చూసి సలహా ఇచ్చేవాడు) అయితే ఐఎన్‌ఏ (INA) అక్షరాలతో నంబరు మొదలవుతుంది. సెబీ సైటులో రిజిస్టరైనవాళ్ల జాబితా ఉంది, అక్కడ పేరు కొట్టి చూడండి. వాళ్లు పంపిన ఫొటోలో నంబరు చూసి ఆగొద్దు. ఇంకా కట్టాల్సింది ఉంటే ఈ పూట ఆపమనండి. చాట్, పేమెంట్ రసీదు ఏదీ డిలీట్ చేయొద్దు. చెల్లెలిని తిట్టకండి అన్నా, తిడితే రెండోసారి కట్టినప్పుడు మీకు చెప్పదు.